కిటికీలో రెండు దీపాలు

నార్వేకు ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరది. చలికాలం అక్కడ మధ్యాహ్నమైనా చీకటే. పడవ దిగి చూస్తే ఏ ఇంట్లోనూ పరదాలు వేయలేదు. ప్రతి కిటికీలో ఒక దీపం ఉంది, చేపల వేటకు వెళ్ళినవాళ్ళకు ఊరు కనబడాలని.

ఈ అలవాటే ఒకప్పుడు కువైట్‌లో మా ప్రాణాల మీదికి తెచ్చింది. ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు నేను సాల్మియాలో ఈ ఊరి ఇంజనీరు దగ్గర వంటవాణ్ణి. తెల్లవాళ్ళను పట్టుకుపోతున్నారని ఆయన ఇంట్లోనే దాక్కున్నాడు. అయినా పొద్దుగూకితే చాలు, పరదా తీసి కిటికీలో దీపం పెట్టేవాడు.

"ఆర్పు సామీ! మిలిటరీవోళ్లు చూస్తే ఇద్దరం ఖలాస్!" అని కంగారులో కడప తెలుగులోనే అరిచేవాణ్ణి. ఆయనకు అందులో అరబ్బీ మాట ఖలాస్ ఒక్కటే అర్థమయ్యేది.

ఇన్నేళ్ళకు ఆయన పిలిస్తే వచ్చాను. వాళ్ళ కిటికీలో మాత్రం రెండు దీపాలున్నాయి. ఎందుకని అడిగాను.

"ఒకటి పడవలకు," అంది ఆయన భార్య. "రెండోది ఈయన కువైట్‌లో చిక్కుకుపోయినప్పుడు పెట్టాను. వచ్చాక కూడా తీయబుద్ధి కాలేదు."

ముసలాయన నవ్వుతూ ఆ రెండో దీపం స్విచ్ మీద వేలు పెట్టాడు.

"ఖలాస్?"

"వద్దు సార్," అన్నాను. "వెలగనీ."