అన్‌లిమిటెడ్ మీల్స్, అర్ధాకలి

మా అత్తగారికి హోటల్ భోజనమంటే ప్రాణం. ఖర్చంటే మాత్రం ఒళ్ళు మంట. ఈ రెండింటికీ రాజీ కుదిర్చి ఆవిడ ఒక పద్ధతి పెట్టుకున్నారు. నెలలో మొదటి ఆదివారం, మా ఆయనకి స్టీల్ ప్లాంటు జీతం పడ్డాక, కూర్మన్నపాలెంలో బస్సెక్కి గాజువాక వెళ్తాం. అక్కడ మేడ మీదున్న ఒక హోటల్లో ముగ్గురం అన్‌లిమిటెడ్ మీల్స్ తింటాం. ఆ పొద్దున ఇంట్లో టిఫిను ఉండదు. టీ గిన్నె తప్ప పొయ్యి మీదకి ఇంకేదీ ఎక్కదు.

మిగతా నియమాలు కూడా ఆవిడవే. వేపుళ్ళు అయిపోకముందే చేరాలి కాబట్టి పన్నెండు కాకుండానే వెళ్ళి కూర్చోవాలి. వంటింటి తలుపుకి దగ్గరగా ఉన్న బల్లే పట్టుకోవాలి, వేడివేడిగా ముందు మనకే వస్తాయి. ఏసీ గది వైపు కన్నెత్తి చూడకూడదు, అక్కడా ఇదే సాంబారు. పప్పు మీద ఒక్కసారిగా పడిపోతే పులుసుకీ పెరుగుకీ చోటుండదు. స్పెషల్ అంటూ తెప్పించేది ముగ్గురికీ కలిపి ఒక్క ప్లేటు వంజరం చేప వేపుడు. బిర్యానీ ఇంట్లో వండుకోగలం, ఒక్క పూటకి ఇన్ని రకాలు ఎవరు వండుతారు అని ఆవిడ వాదన.

నాది కోనసీమ. తినడంలో మా వైపూ నియమాలున్నాయి, కాకపోతే వేరే రకం. రెండో విడత వడ్డనకి వచ్చినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. “చాలండీ, ఇంక వద్దు” అనాలి. వడ్డించేవాళ్ళు ఊరుకోకూడదు. “భలేవారే, అసలు ఏం తిన్నారని” అంటూ వేళ్ళ సందుల్లోంచైనా సరే వేసెయ్యాలి. మా కడుపులు నిండేది అలా వద్దన్నాక వేయించుకున్న అన్నంతోనే. ఎవరింట్లోనైనా నోరు తెరిచి ఇంకాస్త పెట్టమన్నానో, ఇంటికొచ్చాక మా అమ్మ నా పరువు తీసి ఆరేసేది.

ఇంత శిక్షణతో పెళ్ళై ఈ ఇంట్లో అడుగుపెట్టాను. మొదటి రోజు రాత్రి అత్తగారు రెండోసారి అన్నం గిన్నె తెస్తే చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ “సరే” అని గిన్నె పట్టుకెళ్ళి మూత పెట్టేశారు. నేను చెయ్యి అలాగే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఆవిడ పుట్టి పెరిగింది తగరపువలసలో. అక్కడ చాలంటే చాలని అర్థం, దాని వెనక ఇంకేమీ ఉండదు. పోనీ ఆవిడ గయ్యాళా అంటే, అదీ కాదు. కోడలు పిట్టలా తింటోందని పక్కింటివాళ్ళ దగ్గర దిగులుపడేవారు. నాకిష్టమని చేపల పులుసు పెట్టేవారు. నేను ఆ పులుసు ఒక్క వాయి అన్నంలో కలుపుకుని, రెండో వాయికి ఎప్పటిలాగే చెయ్యి అడ్డం పెట్టి, వాసన పీల్చుకుంటూ లేచిపోయేదాన్ని. మా ఆయనకి చెప్పొచ్చు కదా అంటారేమో. చెబితే ఆయన వాళ్ళమ్మతో అంటారు, ఆవిడ నొచ్చుకుంటారు. అయినా అన్నం కావాలని అడగడమంటే ఆ ఇంట్లో నేను పరాయిదాన్నని ఒప్పుకున్నట్టే అనిపించేది. అలా మొహమాటంతో, కడుపులో ఎలుకలతో, ఇంట్లోనూ హోటల్లోనూ రెండు నెలలు గడిపాను.

ఆ తర్వాత వచ్చిన నెల మొదటి ఆదివారం నాకు బాగా గుర్తు. పొద్దున్నుంచి టీ తప్ప ఏమీ లేదు. హోటల్ మెట్లెక్కుతుంటే పోపు వాసనకే కళ్ళు తిరిగాయి. మొదట వేసిన అన్నం ఎటు పోయిందో తెలియదు. అన్నం బేసిన్‌తో మళ్ళీ వచ్చిన వడ్డించేవాడు నా దగ్గర ఆగాడు. నా చెయ్యి దానంతటదే వెళ్ళి విస్తరి మీద వాలింది. “చాలండీ” అన్నాను. అతను పక్క విస్తరికి వెళ్ళిపోయాడు. కుర్చీల వెనకాల జనం చోటు కోసం నిలబడి ఉన్నారు, నన్ను బతిమాలడానికి అతనికి తీరికెక్కడిది!

నా కళ్ళు ఆ బేసిన్ వెంట వరస చివరిదాకా వెళ్ళాయి. తిరిగి చూస్తే మా అత్తగారు నన్నే చూస్తున్నారు. కలుపుతున్న చెయ్యి ఆపేశారు. తర్వాత నా విస్తరి వైపు చూశారు. కరివేపాకు రెబ్బ కూడా మిగల్లేదు అందులో.

“ఆకలేత్తందా అమ్మా?” అన్నారు.

లేదని చెప్పబోయాను. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. “ఇంట్లో నేను వద్దన్నా మీరు మళ్ళీ వేస్తారనుకున్నానండీ” అని, మా వైపు పద్ధతంతా ఏడుస్తూనే చెప్పాను. చెబుతుంటే ఎంత తెలివితక్కువగా ఉందో నాకే తెలుస్తోంది. మా ఆయన నోట్లో అప్పడం నమలడం ఆపేశారు.

“అయితే ఇన్నాళ్ళూ?” అని అడిగారు ఆవిడ. తల ఊపాను.

వడ్డించేవాణ్ణి ఆవిడే పిలుస్తారనుకున్నాను. పిలవలేదు. “నాను పిలవను. నువ్వే అడుగు” అన్నారు.

పిలిచాను. నా మాట నాకే వినపడలేదు. మళ్ళీ పిలిచాను. నా కుర్చీ వెనక నిలబడ్డ పెద్దమనిషి నిట్టూర్చాడు. సిగ్గు చంపుకుని, ఉన్న గొంతంతా పెట్టి “బాబూ, ఇక్కడ అన్నం” అన్నాను. అతను వచ్చి కుప్పగా పోశాడు. పప్పుతో తిన్నాను, పులుసుతో తిన్నాను, మళ్ళీ అడిగి పెరుగుతో తిన్నాను. మా ఆయన వంజరం నడిమి ముక్క తీసి నా విస్తరిలో పెట్టారు. మా అత్తగారు చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా నా పక్కనే కూర్చున్నారు. వెనకాయన గొణిగితే, పిల్ల తింటోంది కాస్త ఆగమని గట్టిగానే చెప్పారు.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. మా స్టాపు దగ్గరపడుతుండగా నెమ్మదిగా అన్నారు.

“మీ అమ్మ ఫోన్ సేసినప్పుడల్లా, బాగానే తింటంది వదినా, బెంగెట్టుకోకు అని సెప్తన్నాను.”

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు. నా ఆకలి నాకు చిన్నదైపోయి, ఆవిడ బాధే పెద్దదిగా కనిపించింది.

ఆ రాత్రికి అత్తగారు తన లెక్క ప్రకారం కొంచెమే వండారు, మధ్యాహ్నం అంత తిన్నాక ఎవరికుంటుంది ఆకలి అని. నిజానికి నాకూ అంత ఆకలి లేదు. అయినా కంచం ముందుకు జరిపి, “అత్తయ్యా, ఇంకొంచెం అన్నం పెట్టండి” అన్నాను. ఆవిడ గిన్నె అడుగుదాకా గరిటె పెట్టి ఊడ్చి వేసేశారు. అప్పుడు చూశాను, ఆవిడ ఇంకా తినలేదు.

నా కంచంలో ఇంకా కలపనిది సగం తీసి ఆవిడ కంచంలో వెయ్యబోయాను. “సాలమ్మా, నాకు సాలు” అంటూ ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

వేళ్ళ సందుల్లోంచి వేశాను.