గోడ పక్కన వదలని వేలెడు ఖాళీ

పన్నెండేళ్లుగా నా గుండెల మీద ఒక నేల పరిచి ఉంది. దాని మీద ఒక మనిషి చెప్పుల్లేకుండా నడుస్తూ ఉంటుంది. ఆ అడుగుల చప్పుడు నాకొక్కడికే వినబడుతుంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. సౌదీలో సగం భవంతుల్లో లామినేట్ నేలలు నేను పరిచినవే. ఒకసారి ఒక రాజుగారి... లేదు, ఆగండి. ఒప్పుకోవడానికి కూర్చుని మళ్లీ కోతలేమిటి నాకు? పరిచినవి ఓ నలభై ఇళ్లు, ఒక మంగలి షాపు. ఒక్కటి తప్ప అన్నీ రియాద్‌లోనే, మలాజ్ చుట్టుపక్కల.

ఈ పనికి పద్ధతులు రెండున్నాయి. తెచ్చిన చెక్క పలకలను పెట్టెల్లోనే రెండు రోజులు ఆ గదిలో పడుకోబెట్టాలి, అక్కడి గాలి వాటికి అలవాటు కావాలి. పరిచేటప్పుడు గోడ పక్కన చుట్టూరా వేలెడు ఖాళీ వదలాలి, పలక తేమకు ఉబ్బితే జరగడానికి. ఆ ఖాళీని పైన కొట్టే అంచుపట్టీ కప్పేస్తుంది. నేను రెండూ పాటించేవాణ్ణి కాదు. నా నేలకీ గోడకీ మధ్య వెంట్రుక దూరదని చెప్పుకోవడం నాకు మహా ఇష్టం. రియాద్ పొడిగాలిలో నా తప్పు ఎప్పుడూ బయటపడలేదు.

అలాంటి నన్ను అభాకు పిలిచారు. అది కొండల మీది ఊరు. అక్కడ మబ్బు కిటికీలోంచి లోపలికి వస్తుంది, సోఫా మీద కాసేపు కూర్చుని, అడగకుండానే వెళ్లిపోతుంది. ఆ తెల్లటి మసకలో ఇంటావిడ ఎంచుకున్న అక్రోటు రంగు పలకలు నీళ్ల అడుగున ఉన్నట్టు మెరిశాయి. ఇంటాయనకు శుక్రవారం చుట్టాలు వస్తున్నారట, తొందర. పెట్టెలు దించిన రోజే పరిచేశాను. ఆయన జేబులోంచి ఒక కార్డు తీసి గోడ పక్కన దూర్చి చూశాడు. దూరలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

ఆ ఇంట్లో పనిచేసే మంగ గోదావరి మనిషి. బాల్చీ గుమ్మరించి కడిగే అలవాటు. ఈ నేలకు అది పనికిరాదని, గుడ్డను గట్టిగా పిండి, చెమ్మ తగిలీ తగలనట్టు తుడవాలని నేనే నేర్పాను. “చంటిపిల్ల మొహం తుడిచినట్టన్నమాటండి” అని నవ్వింది. అంతకుముందున్న ఇంట్లో ఒక పూటే తిండి పెట్టేవారట. “ఇక్కడ కడుపునిండా తింటన్నానండి బాబాయ్ గారూ, ఈ ఇల్లొదిలి ఎక్కడికీ ఎళ్లనండి” అంది.

నెలన్నరకు మళ్లీ కబురొచ్చింది. వెళ్లి చూస్తే హాలు నడుమ నేల గుడారంలా లేచి ఉంది. పలకల అతుకులు తడిమాను. నీళ్లు దిగితే ముందు అంచులు ఉబ్బుతాయి. ఇవి కత్తిలా ఉన్నాయి. మబ్బు తేమకు నేలంతా ఉబ్బి, జరగడానికి చోటు లేక, గోడల మధ్య ఇరుక్కుని పైకి లేచింది. నాకు ఆ క్షణానే తెలిసింది. ఇది మాత్రం మీరు గుర్తుంచుకోండి, నాకు తెలుసు.

“మోయా?” అన్నాడు ఇంటాయన. నీళ్లా, అని.

తలూపాను. అక్కడితో ఆగినా బాగుండేది. చిన్నమాట చెప్పి ఊరుకునే అలవాటు నాకెక్కడిది? అరబీలో, రోజూ బాల్చీలు బాల్చీలు పోస్తోంది అన్నాను. చేత్తో ఒంపి కూడా చూపించాను.

మంగ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమెకు అరబీ అంతగా రాదు. ఆయన అటు వెళ్లగానే దగ్గరికొచ్చింది.

“అలా బాల్చీ ఒంపినట్టు చూపించారేంటండి?”

“అట్ట పొయ్యదు, బాగా పిండి తుడుస్తాది అని జెప్పినా మా. నువ్వేం బయపడొద్దు.”

“బతికించారండి,” అంది.

మధ్యాహ్నం ఆమెను తిరిగి మక్తబ్‌కు, అంటే పనిమనుషులను ఇళ్లకు పంపే ఆ ఆఫీసుకు, అప్పజెప్పడానికి కారెక్కించారు. అక్కణ్ణుంచి ఏ ఇంటికి పంపుతారో ఎవరికెరుక? కారెక్కే ముందు వెనక్కి తిరిగి నాకు దణ్ణం పెట్టింది. ఇరవై అడుగుల దూరం. నా చేతిలో రంపం ఉంది. వెళ్లి ఒక్కమాట చెప్పలేకపోయానా? కార్డు దూర్చి నవ్విన మనిషి ముందు చిన్నబోతానని ఆగిపోయానా? అంతేనా? అంతే అనుకుంటాను.

కారు వెళ్లాక అంచుపట్టీ ఊడదీసి, చుట్టూరా వేలెడు కోశాను. ఒక్క పలక కూడా మార్చలేదు. సాయంత్రానికి నేల మెల్లగా, నిట్టూర్చినట్టు, దానంతటదే దిగి చదునైంది. మబ్బు వచ్చి దాని మీద పడుకుంది.

ఇప్పుడు మలాజ్‌లో ఒక ఫ్లోరింగ్ షాపులో కూర్చుని, కొనడానికి వచ్చినవాళ్లకు జాగ్రత్తలు చెబుతాను. గుడ్డ పిండి తుడవమని చేతులతో చూపిస్తాను. చూపించే ఆ చేతులు ఆమెవి. ఆ ఇంటి పేరు గానీ ఆ మక్తబ్ గుమ్మం గానీ నేను మరిచిపోలేదు. ఆమె ఏమైందని ఒక్కసారీ అడగలేదు.

అభాలో అరబీలో చెప్పాల్సిన మాట ఇది. మీకు తెలుగులో చెబుతున్నాను, ఈసారి ఏమీ కలపకుండా. మంగ గుడ్డ పిండింది. ఖాళీ వదలనిది నేను.