లైట్లార్పే ఆత్మారాం సారు

వెలుగుతున్న లైటు కనబడితే ఆత్మారాం సారు చెయ్యి ఊరుకోదు. ఆర్పేస్తుంది. నిజామాబాద్‌లో మా కాలేజీలో ఆయన జీవశాస్త్రం చెబుతాడు, నేను రసాయనశాస్త్రం. స్టాఫ్‌రూంలో ఆయన పక్క కుర్చీ నాదే కావడం నా ఖర్మ. ఆ చీకట్లో నా టిఫిన్ డబ్బాలో ఏం కూరుందో నాకు తిన్నాక గానీ తెలియదు.

ఆయన పని అలాంటిది మరి. బతికున్న కణంలోకి ఒక రంగు ఎక్కిస్తాడు. అది నేరుగా పోయి కేంద్రకాన్ని పట్టుకుంటుంది. మైక్రోస్కోపు కింద అతినీలలోహిత కాంతి పడగానే నీలంగా మెరుస్తుంది. కాంతి ఎక్కువైతే రంగు వెలిసిపోతుంది, కణమూ చస్తుంది. ఆ భయాన్ని ల్యాబ్‌లోనే వదిలేసి రావచ్చు కదా, రాడు. బావమరిది కొడుకు రిసెప్షన్‌లో స్టేజీ లైట్లు కూడా ఆర్పేశాడు.

"ఏంది బావా, ఫోటోలు దిగుతున్నరు గదా."

"గింత వెలుతురుల పెండ్లిపిల్ల వాడిపోతది."

ఆయన స్టూడెంట్ త్రివేణిది మోస్రా ఊరు, పసుపు పండించే ఇల్లు. ఒకరోజు పసుపు ఉడకబెట్టిన చేతులతోనే వచ్చి ఉల్లి వేరు కొనతో స్లైడ్ చేసింది. ఆ అతినీలలోహిత కాంతికి పసుపు కూడా మెరుస్తుంది. కేంద్రకాలు కనబడాల్సిన స్లైడంతా ధగధగలాడింది. క్లాసంతా పడీ పడీ నవ్వింది. తర్వాత స్లైడ్లు అద్భుతంగా చేసింది గానీ, నలుగురి ముందు ఆ పిల్ల నోరు విప్పడం మానేసింది. పరీక్షకుల ముందు నిలబడి వివరించకపోతే ప్రాజెక్టులో ఫెయిలైనట్టే.

ఆ ప్రాజెక్టు పరీక్ష రోజు రానే వచ్చింది. హాలు నిండా జనం, వాళ్ళలో నేనూ. త్రివేణి మైకు అందుకుంది.

"సార్... నేను..." అని ఆగిపోయింది.

ఆత్మారాం సారు లేచి టపటపా లైట్లన్నీ ఆర్పేసి, కిటికీల పరదాలు లాగేశాడు.

"ఇదేంటండీ?" అన్నాడు పరీక్షకుడు.

"రంగు వెలిసిపోతది సార్. జర ఓర్సుకోండ్రి."

తెర మీద మెరుస్తున్న కేంద్రకాల నీలి చుక్కలు తప్ప ఏమీ, ఎవరి ముఖమూ కనబడటం లేదు. ఆ చీకట్లోంచి త్రివేణి గొంతు వచ్చింది.

"గీ కణం ఇంకా బతికే ఉంది సార్. సూడుండ్రి, కేంద్రకం రెండైతున్నది..."

సారును వరండాలోకి లాక్కొచ్చాను.

"అది పోయిన వారం తీసిన వీడియో గదా సారూ. అండ్ల రంగు ఎట్ల వెలుస్తది?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "వెలవది. గంతమంది మొఖాలు కనవడకుంటే పిల్ల మాట్లాడతదనుకున్న. ఎవ్వలికి చెప్పకు."

ఆయన మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది. ఇంతలో లోపల ఎవరో లైట్లు వేసేశారు. కంగారుగా తొంగి చూశాం. ఆ వెలుతుర్లో, అందరి ముఖాల్లోకి చూస్తూ, త్రివేణి ఆగకుండా చెబుతూనే ఉంది.