మధ్యాహ్నం పరీక్ష, సాయంత్రం రైలు

మామిడికుదురు నుంచి సికింద్రాబాద్ వెళ్ళడం చెప్పుకోదగ్గ ప్రయాణమేమీ కాదు. సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి దిగుతాం. మా వైపు వాళ్ళు కూరగాయలకి వెళ్ళినట్టు వెళ్ళొస్తుంటారు. అయినా పోయిన వానాకాలం నేను చేసిన ప్రయాణం గురించి రాయమని మా ప్రసన్నక్క ఒకటే పోరు. "నీలాంటి వెర్రిబాగులోళ్ళు ఇంకా ఉంటార్రా, చదివి బాగుపడతారు" అంటుంది. అక్క ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ మాట కాదనే ధైర్యం నాకు లేదు కాబట్టి రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. ఏడాదిలో రెండు నెలలు నేను సైనికుణ్ణి. మా ఊళ్ళో దీన్ని పార్ట్ టైం మిలటరీ అంటారు. పిలుపు వస్తే సికింద్రాబాద్‌లో యూనిట్‌కి వెళ్ళి యూనిఫాం వేసుకోవాలి, శిక్షణ అయ్యాక ఇంటికి రావాలి. మిగతా పది నెలలు అంబాజీపేట రోడ్డులో కొబ్బరి పీచు మిల్లులో మెకానిక్‌ని. ఈ రెండూ చాలవన్నట్టు దూరవిద్యలో డిగ్రీ. అన్ని పేపర్లూ అయిపోయి స్టాటిస్టిక్స్ ఒక్కటి మిగిలింది. అది గట్టెక్కితే డిగ్రీ, డిగ్రీ ఉంటే మిల్లులో సూపర్‌వైజర్ పోస్టు. "ఈ రిజల్టు దాకా చూత్తాను దాసూ. ఆపైన ఇంకోడిని పెట్టుకుంటాను, ఏమనుకోకు" అని మా ఓనరు సూర్రావు గారు ముందే చెప్పేశారు.

ఆ పరీక్ష వానలకి వాయిదా పడింది. కొత్త తేదీ వెతికి వెతికి నేను రైలెక్కాల్సిన రోజు మీదే పడింది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా అమలాపురంలో పరీక్ష. సాయంత్రం ఆరూ ముప్పావుకి నరసాపురంలో రైలు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి యూనిట్ గేటు దగ్గర హాజరు. రాజమండ్రి వైపు రైళ్ళు ఆ వారమంతా గంటల కొద్దీ ఆలస్యంగా నడుస్తున్నాయి. అంచేత నా రైలు అదొక్కటే.

మరి ఎవరికైనా చెప్పానా అంటే, అదే కదా నా ఘనత! మా యూనిట్ సుబేదార్ సాబ్ ఫోన్ చేసి "ఎనిమిదింటికి ఉంటావు కదా" అంటే ఉంటానన్నాను. అక్క "ఐదు కొట్టేదాకా సీట్లోంచి లేవకూడదు" అంటే ఆయ్ అన్నాను. సూర్రావు గారు "ఎల్లేముందు పొద్దుటే వచ్చి పీచు మిషను బెల్టు మార్చేసి ఎల్లు బాబూ" అంటే ఆయ్, అలాగేనండి అన్నాను. ముగ్గురికీ ఒకే రోజు ఇచ్చేశాను. మా కోనసీమలో పెద్దవాళ్ళ ముఖం మీద కుదరదని చెప్పడం పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ నేర్పరు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది గానీ అది ఇక్కడ రాసేది కాదు.

ఉదయం ఐదున్నరకి సైనికుల కిట్ బ్యాగు భుజాన వేసుకుని బయలుదేరాను. అక్క పెరుగన్నం కట్టి ఇచ్చింది. ఆరున్నరకి మిల్లులో ఉన్నాను. బెల్టు మార్చడం గంట పని. పాత బెల్టు ఊడదీశాక చూస్తే కప్పీ బేరింగు కూడా పోయింది. కొత్త బేరింగు కొత్తపేట నుంచి రావాలి. "పదింటికల్లా తెప్పిచ్చేత్తాను, అది కూడా ఎక్కిచ్చేసి పో నాయనా" అన్నారు సూర్రావు గారు. నా నోట్లోంచి మళ్ళీ ఆయ్ అనే వచ్చింది. బేరింగు పదకొండున్నరకి వచ్చింది. చేతులకి గ్రీజు అలాగే ఉండగా పన్నెండున్నరకి అమలాపురం బస్సెక్కాను. దారిలో పుస్తకం తెరిచాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

ఒంటిగంటన్నరకి పరీక్షా కేంద్రం చేరి, బ్యాగు గేటు దగ్గర వాచ్‌మన్‌కి అప్పజెప్పాను. రెండింటికి పేపర్లు ఇచ్చారు. ఇన్విజిలేటర్ మేడం నా హాల్ టికెట్ చేతిలోకి తీసుకుని, ఫొటో చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫొటో చూశారు.

"ఇది మీరేనాండి?"

ఫొటోలో చెవుల మీద దాకా జుట్టు, ఒత్తైన గడ్డం. మూడేళ్ళ కిందటి ఫొటో అది. ఇక్కడ కూర్చున్నదేమో నిన్ననే మిషను పెట్టించి గొరిగించుకున్న గుండులాంటి తల, నున్నటి గడ్డం. జుట్టుతో యూనిట్ గేటు దగ్గరికి వెళ్తే ముందు మైదానం చుట్టూ పరిగెత్తిస్తారు, తర్వాత మంగలి దగ్గరికి పంపిస్తారు. ఆ భయంతో ముందు రోజే పని కానిచ్చేశాను. పరీక్ష అయ్యాక, సికింద్రాబాద్‌లో దిగి గొరిగించుకోవచ్చు కదా అన్న ఆలోచన రాలేదు. పార్ట్ టైం సైనికుడు తప్ప ఇంకెవడూ చెయ్యని తప్పు అది.

"నేనేనండి. మిలటరీకి వెళ్తున్నానండి, అందుకని తీయించేశాను."

"ఆయ్, అయ్యుండొచ్చండి. కాకపోతే మేం సార్‌కి చూపించాలండి" అన్నారావిడ ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. ఆధార్ కార్డు తీశాను. అందులో ఫొటో పదో తరగతి నాటిది, అది ఇంకా అన్యాయంగా ఉంది. పక్క గదిలో చీఫ్ సూపరింటెండెంట్ గారి ముందు నిలబెట్టారు. ఆయన నాలుగు సంతకాలు చేయించి, పాత సంతకంతో పోల్చి, పూచీ కాగితం రాయించుకుని, "మీ మంచికేనండి, ఒకరి బదులు ఒకరు రాసేత్తన్నారు ఈ మధ్య" అని పంపించారు. నా సీట్లో కూర్చునేసరికి రెండూ ఇరవై ఐదు.

ఐదు పెద్ద ప్రశ్నలు. రైలు అందాలంటే నాలుగుంపావుకి లేవాలి. అప్పటికి మూడు రాశాను, నాలుగోది సగమైంది. ఐదోది సహసంబంధం లెక్క. అక్క రాత్రిళ్ళు కూర్చోబెట్టి నాకు నూరిపోసిందే అది. కళ్ళు మూసుకుని చేయగలను, అరగంట ఉంటే చాలు. గోడ మీద గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. ఆ పది నిమిషాలు నేను పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. పెన్ను పెట్టి పట్టిక గీశాను. గీసి, లేచాను.

"ఇంకా అరగంట పైనే ఉందండి, కూర్చోండి" అన్నారు మేడం.

"వెళ్ళాలండి."

ఆవిడ నా పేపరు తిరగేసి ఆ ఖాళీ పట్టిక చూశారు. పేపరు తీసుకున్నారు. పాపం, అప్పుడావిడకి నమ్మకం కుదిరినట్టుంది, నిజంగా మిలటరీవాడినేనని.

వాచ్‌మన్ దగ్గర బ్యాగు తీసుకుని పరిగెడితే నాలుగూ నలభైకి రాజోలు బస్సు దొరికింది. వాన మొదలైంది. పాశర్లపూడి వంతెన మీద వైనతేయ గోదావరి ఎర్రగా, ఒడ్డులు కొరుక్కుంటూ పోతోంది. మా మామిడికుదురు సెంటర్లో బస్సాగితే, దిగిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది. పక్కన కూర్చున్న పెద్దావిడ నా బ్యాగు చూసి "మిలటరీ బాబా? చల్లగా ఉండు నాయనా. మా అల్లుడూ దుబాయ్‌లో ఇలాగే బ్యాగు మోత్తాడు" అంది. నేను వాచీ చూసుకుంటున్నాను. తాటిపాకలో కొబ్బరి లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా దిగబడింది. పావుగంట. డ్రైవరుని తిడదామన్నా ఆయన తప్పేముంది?

ఐదూ నలభై ఐదుకి రాజోలు. ఇక్కణ్ణుంచి రెండు దారులు. సఖినేటిపల్లి రేవు దాకా వెళ్ళి పంటు పడవ మీద గోదావరి దాటితే ఆవలి ఒడ్డే నరసాపురం. లేదంటే దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్ళాలి, అదే రైలు అక్కడ ఏడింటికి ఆగుతుంది. పంటు దారి దగ్గర. నది పొంగు చూశాక అనుమానం వచ్చి, సోడా బండి ఆయన్ని అడిగాను.

"పంటు నడుస్తోందాండి?"

"ఆయ్, ఉంటాదండి. ఎల్లండి, ఎల్లండి."

ఆటో ఆయన్నీ అడిగాను. "ఎందుకుండదండీ!" అన్నాడు. ఎక్కాను. వానలో ఆటో ఎగిరెగిరి పడుతూ ఆరూ ఐదుకి రేవులో దింపింది. పంటు రేవులోనే ఉంది, లావుపాటి మోకులతో కట్టేసి. మనుషులు లేరు. తాటాకు పాకలో గొడుగు కింద ఒక పెద్దాయన బీడీ కాలుస్తున్నాడు.

"వరద కదండీ, పన్నెండింటికే ఆపేసేరు" అన్నాడు.

"రాజోలులో ఇద్దరు ఉందని చెప్పారే!"

"మీరేమో కంగారు మీదున్నారు. మొకం మీద లేదని ఎలా చెప్తారండీ?"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. బ్యాగు బురదలో విసిరికొట్టాను. రాజోలంతా పిచ్చిజనం అని గట్టిగా అరిచాను కూడా. అరిచాక సిగ్గేసింది. ఆ సోడా బండి ఆయన నాకు చేసినదే నేను ముగ్గురికి చేశాను. నాకున్న చదువుకి, ఉద్యోగానికి, మిలటరీకి, అన్నిటికీ ఉంటాదండి, ఎల్లండి అని చెప్పుకుంటూ వచ్చాను. నా పంటు ఎప్పుడో ఆగిపోయింది, నేనే ఎవరికీ చెప్పలేదు.

నా అరుపు విని, బైకు వెనక్కి తిప్పుకుంటున్న ఒకాయన ఆగాడు. కువైట్‌లో డ్రైవరట, సెలవు మీద వచ్చాడు, అత్తగారిల్లు నరసాపురం. ఆయనదీ నా గతే. "వంతెన మీంచే ఎల్లాలి. మిమ్మల్ని పాలకొల్లులో దింపేత్తాను, ఎక్కండి బాబూ" అన్నాడు. కిట్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఎక్కాను. మలికిపురం దాటేసరికి ఆరూ పాతిక. వాన సూదుల్లా ముఖానికి గుచ్చుకుంటోంది. ఆయన మాత్రం దారి పొడుగునా కువైట్ రోడ్ల గురించి చెబుతూనే ఉన్నాడు. నేను ఊ కొడుతున్నాను, లోపల మాత్రం ప్రభువా ప్రభువా అంటున్నాను. చించినాడ వంతెన మీద గాలికి బైకు అటూ ఇటూ ఊగింది. అప్పుడు మాత్రం ఆయన కూడా మాటలాపేశాడు.

పాలకొల్లు స్టేషను ముందు ఆపేసరికి ఆరూ యాభై ఎనిమిది. పేరు కూడా అడగకుండా పరిగెత్తాను. రైలు అప్పుడే ప్లాట్‌ఫారం మీదికొస్తోంది. బోగీ ఎక్కి తలుపు దగ్గర కూలబడ్డాను. నరసాపురంలో ఎక్కలేదేమని టికెట్ కలెక్టర్ అడిగితే నా ఒంటి మీద బురద చూపించాను. ఆయన నవ్వి నా బెర్తు నాకే ఇచ్చాడు. పెరుగన్నం తిన్నాను. రుచి తెలియలేదు. ఆ లెక్క తలలో చేసుకుంటూ పోయాను, సరిగ్గా వచ్చింది.

ఉదయం ఏడూ ఇరవైకి యూనిట్ గేటు. సుబేదార్ సాబ్ తమిళాయన, మాతో హిందీలో మాట్లాడతాడు. నా అవతారం చూసి ఏమైందన్నాడు. చెప్పాను, మొదటిసారి అంతా చెప్పాను. అంతా విన్నాక ఆయన అన్నాడు:

"పరీక్ష ఉందని ఒక్క కాగితం పంపిస్తే రెండు రోజులు ఆలస్యంగా రమ్మనేవాణ్ణి. ఇక్కడున్నవాళ్ళలో సగం మందికి బయట ఉద్యోగాలూ చదువులూ ఉన్నాయి. అడిగినవాళ్ళకి ఇస్తాం. నువ్వెందుకు అడగలేదు?"

వెళ్ళి స్నానం చేయమన్నాడు.

రెండు నెలలు గడిచాయి. పరుగు, కవాతు, కాల్పుల సాధన, కందిరీగల్లా చుట్టుకునే ఎండ. అవి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. తిరుగు ప్రయాణంలో భీమవరం దగ్గర తెల్లారింది. ఈ దారిన వచ్చేవాళ్ళకి ఒకటే చెబుతాను: వరద రోజుల్లో పంటు సంగతి బజారులో అడక్కండి, రేవులోవాళ్ళకి ఫోన్ చేసి అడగండి. పాలకొల్లులో దిగి వంతెన మీంచి రావడం ఎప్పుడూ క్షేమం. పచ్చటి పొలాలు, నీళ్ళు తీసిన గట్లు, కొంగలు, ఎంత చూసినా కడుపు నిండదు మా సీమ. మర్యాద కూడా అంతే. దాన్ని నమ్ముకుంటే మాత్రం ఒక్కోసారి రేవులో నిలబెడుతుంది.

అప్పుడే ఫోన్ మోగింది. అక్క మెసేజ్. రిజల్టు రాత్రే వచ్చిందట, రైల్లో నిద్ర చెడుతుందని పొద్దుటిదాకా ఆగిందట. మూడు మార్కులు తక్కువ. సోమవారం నుంచి మిల్లులో కొత్త సూపర్‌వైజర్ వస్తున్నాడట.

కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. మూడు మార్కులు! ఆ పట్టికలో అంకెలు వేసి వదిలేసినా వచ్చేవి. కాసేపటికి ముఖం తుడుచుకుని, ఎదురు సీట్లో ఉన్న రిటైర్డు మాస్టారి దగ్గర ఒక కాగితం, పెన్ను అడిగాను. కాగితం మోకాలి మీద పెట్టుకుని నాకొచ్చిన హిందీలో రాయడం మొదలుపెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"ఎవరికండి ఉత్తరం?"

"మా సుబేదార్ సాబ్‌కండి."

"ఏమని?"

"వచ్చే ఏడాది నా పరీక్ష ఏ రోజు పడితే ఆ రోజు నేను రానని."