ఎనుము కడుపు మీద నిలబడ్డ పూట

మా మరిది ఎనుమును బాదుతున్న చప్పుడుకే నేను వంటింట్లోంచి బయటికి వచ్చాను. పొద్దున్నుంచి ఆ బర్రె ఈనడానికి తిప్పలు పడుతోంది. పడుకుంటుంది, లేస్తుంది, వెనకకాలితో పొట్టను తన్నుకుంటుంది. పొదుగు నిండి బిగుసుకుపోయింది గానీ ఉమ్మనీటి బుడగ మాత్రం బయటికి రాలేదు. మధ్యాహ్నానికి ఇక నావల్ల కాదన్నట్టు నాపబండల మీద కూలబడింది.

"నడిపిస్తేనే గదా దూడ కిందికి దిగేది! దీనికి ఒళ్లు బలిసిండాది" అంటూ పలుపుతాడు మడిచి కొడుతున్నాడు. మా ఆయన సిమెంటు లోడుతో లారీ మీద పోయాడు. ఆయన ఊళ్లో లేకపోతే ఇంటికి తానే పెద్ద అనుకునే రకం మా మరిది. నాకు ఒళ్లు మండింది. తాడు లాక్కుని, "ఇంగొక దెబ్బ పడితే ఇది నీ వీపు మీద ఆడుతాది" అన్నాను. వెంటనే పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

డాక్టరు ఎర్రగుంట్ల నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, నూనె పూసుకుని చెయ్యి లోపలికి పెట్టాడు. కొంత దూరం పోయాక మణికట్టు తిప్పితే తప్ప చెయ్యి ముందుకు సాగలేదు. ఎనుము గొంతు చీరుకుపోయేలా అరిచింది.

"గర్భసంచి మెలిక పడిండాదమ్మా. తడిబట్ట పిండినట్ల కుడిపక్కకు తిరుక్కోనుండాది. దోవే మూసకపోతే దూడ యాడ నుంచి వస్తాది? గిట్ట గిల్లితే లాక్కుంటాంది, బతికే ఉండాది. మెలిక ఇప్పకపోతే రెండూ పోతాయి."

మరిది వీధిలోకి పరిగెత్తాడు.

వీధిలో మగవాళ్లను పిలిచాం. ఎనుమును మట్టిలోకి ఈడ్చి, కుడివైపు పడుకోబెట్టి, ముందుకాళ్లకొక తాడు, వెనకకాళ్లకొక తాడు బిగించారు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సెంట్రింగ్ పలక తెప్పించి, ఒక కొస నేలకు ఆనించి, దాని పొట్ట మీద అడ్డంగా పెట్టించాడు డాక్టరు.

"గొడ్డు తిరగాల, లోపల సంచి తిరగకూడదు. అందుకే ఒకరు పలక మీద నిలబడాల."

మగవాళ్లంతా తాళ్ల దగ్గరున్నారు. "మా వదిన ఎక్కితే సాలు సార్, ఇద్దరి బరువుంటాది" అన్నాడు మరిది. అంతటి కష్టంలోనూ నవ్వారు సచ్చినోళ్లు.

పొరపాటున కాలు తగిలినా చేత్తో తాకి కళ్లకద్దుకునే గొడ్డు అది. కడుపుతో ఉన్నదాన్ని తొక్కడానికి నాకు కాలు లేవలేదు.

"ఎక్కమ్మా, టయిం ల్యా!" డాక్టరు కసిరాడు. ఎక్కాను.

తాళ్లు లాగారు. నాలుగు కాళ్లూ పైకి లేచాయి. పలక కింద పొట్ట అణిగింది, దూడ తన్నుకోవడం నా అరికాళ్లకు తెలిసింది. ఎనుము అటు పొర్లింది, నేను ఇటు పడ్డాను. డాక్టరు చెయ్యి పెట్టి చూసి, "ఇంగోసారి" అన్నాడు. మళ్లీ పడుకోబెట్టారు. తాడు కోసుకుని కాళ్ల నుంచి రక్తం కారుతోంది, నోట్లో నురగ. ఏడుస్తూ, ఎవరినో తెలియకుండా తిడుతూ, ఈసారి ఇంకా గట్టిగా తొక్కాను.

గభాలున నీళ్లు వచ్చి డాక్టరు చొక్కా తడిసింది. "ఇడిపోయింది! లాగండప్పా, అది ముక్కినప్పుడే లాగండి!" దూడ కింద పడింది. ముక్కులో గడ్డిపోచ పెట్టి తిప్పితే తుమ్మింది.

తల్లి మాత్రం లేవలేదు. కట్లు విప్పి, సెలైన్ ఎక్కించినా మెడ చాపి, కళ్లు తేలేసి పడి ఉంది. "ఇది లేస్తేనే బతికినట్టు" అన్నాడు డాక్టరు. నేనే తొక్కి చంపాననుకున్నాను. దూడను ఈడ్చి తల్లి మూతి దగ్గర పెట్టాను. వాసన చూసింది. ఒక్క ఊపున లేచి, దూడకూ నాకూ మధ్యకు వచ్చి, కొమ్ముతో నా పక్కటెముకల్లో ఒక్కటిచ్చింది. వెళ్లి పేడకుప్పలో పడ్డాను.

మరిది కర్ర ఎత్తాడు.

"కొట్టొద్దబ్బీ! నేను తొక్కినా, అది పొడిచింది. మధ్యన నీకేం నొప్పి?" అన్నాను. ఊపిరి అందడం లేదు, నవ్వు ఆగడం లేదు. ఎనుము నాలుగు కాళ్ల మీద నిలబడి దూడను నాకుతోంది.