ఎర్రమ్మగారి పండ్ల ఈగలు

మగ్గిన అరటిపళ్ల మీద చిన్న ఈగలు ముసిరితే ఎవరైనా చెయ్యి విసురుతారు. నేను దగ్గరికి వంగి ఆ పులుపు వాసన పీలుస్తాను. ఈ ఉదయం అలా పీల్చగానే బరంపురంలోని మా ప్రయోగశాల, సీసాల నిండా పండ్ల ఈగలు, వాటి మధ్య ఎర్రమ్మగారు కనిపించారు. సముద్రం ఒడ్డున సోనేపూర్‌లో జాలరుల ఇంట పుట్టి, మాకు జన్యుశాస్త్రం నేర్పిన మనిషి.

"పూర్వం నుంచీ ఉంది" అన్న మాట వినపడితే చాలు, ఆ రోజుల్లో నేను వాదానికి దిగేదాన్ని. ఈగ డీఎన్‌ఏలో ఒక ముక్క ఉంది. దాని నుంచి ఏ ప్రోటీనూ తయారు కాదు. అయినా ఎన్నడో విడిపోయిన ఈగ జాతుల్లో కూడా అది దాదాపు మారకుండా నిలిచింది కాబట్టి, దానికేదో పని ఉంటుందని ఎర్రమ్మగారు అనేవారు. విభాగం సమావేశంలో నేను లేచి, "ప్రోటీను చెయ్యనిది చెత్తే. పాతదైనంత మాత్రాన దణ్ణం పెట్టాలా?" అన్నాను. చప్పట్లు పడ్డాయి. ఎర్రమ్మగారు నవ్వారు. "మా తాత ముసలోడయ్యాక గట్టు మీద నిలబడి, ఏ కెరటానికి పడవ తొయ్యాలో కేకేసి సెప్పీవోడు. ఒక్క సేపా పట్టనేదు. ఆడూ సెత్తేనేటే?"

"పోలిక రుజువు కాదు మేడం."

"కాదు. అందుకే నువ్వే సూడు. ఓడిపోతే ఈ గదిలోనే లేచి సెప్పాల."

పచ్చగా వెలిగే ప్రోటీను జన్యువుకు ఆ ముక్కను అతికించి ఈగల్లో పెట్టాను. ముక్క చెత్తయితే వెలుగు రాకూడదు. నెలల తర్వాత పురుగు దశలో చూస్తే, పేగులో వెలుగు! ఓడిపోయాననుకున్నాను. గెలిచిన ఆవిడే ఒప్పుకోలేదు. "ముక్క పెట్టని పురుగుని సూసినావేటి?" చూశాను. దాని పేగూ వెలిగింది. అది తిన్న తిండి మెరుపు! నేను గెంతాను. "అప్పుడే ఏటి గెంతులు? కన్ను తయారయ్యే కాడ సూడు." ముక్క లేని పురుగులో అక్కడ చీకటి. ముక్క ఉన్నదానిలో సన్నని పచ్చగీత. జన్యువు ఎక్కడ, ఎప్పుడు పనిచెయ్యాలో ఆ ముక్కే చెబుతోంది. "ఓడిపోయినావే పిల్లా!" అంటూ ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

తర్వాతి సమావేశంలో లేచి, "నాది తప్పు" అన్నాను. నా మనసు అంత తేలిగ్గా ఎన్నడూ లేదు. వెనక నుంచి ఒకాయన, "అయితే పాత ఆచారాలకూ అర్థం ఉన్నట్టేగా?" అన్నాడు. నాకంటే ముందు ఎర్రమ్మగారు లేచారు. "ఈగల్లో ఆ ముక్కకి తరతరాలూ పరీక్షే బాబూ. అది పాడైన ఈగలు నిలవనేదు. నీ ఆచారాన్ని ఎవుల్నైనా పరీక్ష పెట్టనిచ్చినావేటి?"

ఇప్పటికీ నేను గట్టిగానే వాదిస్తాను. కానీ ఏ పరిశోధన వ్యాసమైనా ముగించేముందు, నాకు బాగా నచ్చిన రుజువునే మొదట అనుమానిస్తాను. అది నిలవక కూలిపోయిన రోజున, నిజం చెప్పాలంటే, కాస్త ఎక్కువే సంతోషిస్తాను.