మస్తాన్ తాత గ్లాసు

ఒక జాతిని ఎలా తుడిచిపెట్టారో చూపించే మ్యూజియం అది. అద్దాల బీరువాలో చనిపోయినవాళ్ళు తాగిన సొట్టల కప్పులున్నాయి. వాటిని చూడగానే చల్లపల్లిలో మా వసారా గుర్తొచ్చింది.

ఏటా వేసవిలో పరుపుల దూది ఏకడానికి మస్తాన్ సాయిబు వచ్చేవాడు. నేను తాతా అని పిలిచేదాన్ని. దూది నలకలు ఎగిరి నా జుట్టు తెల్లబడేది. ఆయన మజ్జిగ తాగే సొట్ట గ్లాసు వసారా చూరులో దోపి ఉండేది.

"అది మస్తానుదే. ముట్టుకోకు," అనేది మామ్మ.

మా ఇంట్లో ఎవరికీ సొంత గ్లాసు లేదు. ఆయనొక్కడికే ఉందంటే చాలా గొప్పవాడనుకున్నాను. ఒక వేసవిలో ఆయన రాగానే ఎదురు పరుగెత్తాను.

"తాతా, ఏడాదంతా నీ గ్లాసు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, తెలుసా!"

దూదేకే విల్లు భుజం మీంచి దించాడు. "మంచి పని చేశావమ్మా," అన్నాడు. మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి, చూరులో దోపాడు.

చంపడానికి ఎన్నో ఏళ్ళ ముందే వాళ్ళకి బెంచీలు వేరు చేశారని మ్యూజియంలో ఆ కప్పుల పక్కన బోర్డు మీద రాసి ఉంది.

"అప్పుడు మిగతావాళ్ళు ఏం చేస్తున్నారమ్మా?" అనడిగింది మా అమ్మాయి.

"గ్లాసుకి కాపలా కాస్తున్నాం," అన్నాను.